ట్రాక్టరు ఇంజను మితిమీరి వేడెక్కినచో కారణము కనుగొనుట ఎట్లు?



దమ్ము పనులు ముమ్మరముగా సాగు రోజులలో ట్రాక్టరు ఒక్క పూట ఆగిపోయినను నష్టము కొద్దిది కాదు. కాలువ నీటి వంతు దాటిపోవును. నారు ముదిరిపోవును. కూలికి వచ్చిన వారు తిరిగిపోవుదురు. ట్రాక్టరును బాడుగకు త్రిప్పు వారికి ఆ పూట కిరాయి పోవును గాని, బ్యాంకు వాయిదా మాత్రము ఆగదు. ఇట్లు ట్రాక్టరు ఆగిపోవుటకు గల కారణములలో ఇంజను మితిమీరి వేడెక్కుట ఒకటి.

అయితే వేడి వలన కలుగు నష్టము కన్న, వేడిని చూచి కంగారుతో చేయు పనుల వలన కలుగు నష్టమే తరచుగా ఎక్కువగా నుండును. మరుగుచున్న రేడియేటరు మూత విప్పి ముఖము, చేతులు కాల్చుకొనుట. సలసల కాగుచున్న ఇంజనుపై చన్నీరు కుమ్మరించి హెడ్డు పగులగొట్టుకొనుట. వేడి తగ్గునను ఆశతో థర్మోస్టాటును ఊడదీసి పారవేయుట - ఈ మూడును మనము వెంటనే మానుకొనవలసిన పనులు.

మనిషికి జ్వరము వచ్చినచో అది రోగమునకు గుర్తే గాని రోగము కాదని మీకు తెలియును. ఇంజను వేడి కూడ అట్టిదే. కారణమును వరుసగా వెదకినచో చాల సందర్భములలో ఇంజనును విప్పకుండగనే, పైసా ఖర్చు లేకుండగనే లోపము దొరకును. ఆ వరుస ఎట్టిదో ఈ వ్యాసములో తెలిసికొందము.

ఇంజనులోని వేడి ఎట్లు బయటికి పోవును?

మీరు పోసిన డీజిలు మండగా పుట్టు వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే నాగలిని, రోటవేటరును లాగు శక్తిగా మారును. మరియొక మూడవ వంతు సైలెన్సరు గుండ పొగతో పోవును. మిగిలిన దానిలో ఎక్కువ భాగమును ఇంజను చుట్టు తిరుగు నీరు మోసికొని పోవలెను. వాటరు పంపు ఈ నీటిని సిలిండర్ల చుట్టును, హెడ్డులోనికిని త్రోయును. వేడెక్కిన నీరు పై గొట్టము ద్వారా రేడియేటరులోనికి వచ్చి, సన్నని గొట్టముల గుండ దిగును. ఫ్యాను ముందు నుండి గాలిని లాగి ఆ గొట్టములను చల్లబరచును. చల్లబడిన నీరు క్రింది గొట్టము ద్వారా మరల ఇంజనులోనికి చేరును.

ఈ దారిలో రెండు కాపలాదారులు కలవు. మొదటిది థర్మోస్టాటు. ఇంజను తగినంత వేడెక్కు వరకు ఇది రేడియేటరు దారిని మూసియుంచి, తరువాత తెరచును. రెండవది రేడియేటరు మూత. ఇది కేవలము మూత కాదు; లోపలి ఒత్తిడిని నిలుపు సాధనము. మామూలుగా నీరు 100 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద మరుగును. మూత చదరపు సెంటీమీటరుకు అర కిలో ఒత్తిడిని నిలిపినచో సుమారు 111 డిగ్రీల వరకు, ఒక కిలో నిలిపినచో సుమారు 120 డిగ్రీల వరకు నీరు మరుగదు. కావుననే మూత రబ్బరు చెడినచో మిగిలినవన్నియు బాగుగ నున్నను నీరు పొంగి పోవును.

ముల్లు ఎర్ర గీతకు చేరినచో మొదట చేయవలసినది

ముందుగా బరువు తీసివేయుడు. నాగలిని లేదా రోటవేటరును పైకెత్తి, ట్రాక్టరును న్యూట్రలులో ఉంచుడు. ఇంజనును వెంటనే ఆపివేయక, తక్కువ వేగముతో కొన్ని నిమిషములు నడువనిండు. నీరు తిరుగుచు, ఫ్యాను ఆడుచు వేడిని బయటికి పంపును. అయితే బెల్టు తెగినను, గొట్టము పగిలి నీరు కారిపోయినను, నూనె ఒత్తిడి దీపము వెలిగినను ఈ సూత్రము పనికిరాదు. అప్పుడు తక్షణమే ఇంజనును ఆపివేయవలెను.

ఇంజను ఆపిన పిదప అర గంటకు తక్కువ కాకుండ ఆగుడు. వేడి మీద మూత విప్పరాదు. ఒత్తిడిలో నున్న నీరు 100 డిగ్రీలు దాటియు మరుగకుండ ఉండును. మూత తీయగనే ఒత్తిడి పోయి, అందులో కొంత నీరు ఒక్కసారిగ ఆవిరియగును. నీరు ఆవిరియైనచో 1600 రెట్లకు పైగా చోటు ఆక్రమించును. అది ఎగజిమ్మినప్పుడు ముందు నిలిచిన వాని ముఖమే దానికి అడ్డము. పై గొట్టమును గుడ్డతో పట్టి నొక్కి చూడుడు. గట్టిగా ఉన్నచో లోపల ఒత్తిడి ఇంకను కలదని తెలిసికొని ఆగవలెను. మెత్తబడిన తరువాత మందపు గుడ్డను మూతపై వేసి, ముఖమును ప్రక్కకు త్రిప్పి, మొదటి మెట్టు వరకు మాత్రమే త్రిప్పి ఆవిరిని పోనిచ్చి, అటు పిమ్మట పూర్తిగా తీయుడు. పిల్లలను దగ్గరకు రానీయకుడు.

ఒకవేళ ఎవరికైనను కాలినచో, కాలిన చోట మామూలు చల్లని నీటిని 20 నిమిషములు ధారగా పోయుడు. ఐసు, సిరా, పేస్టు, నెయ్యి మొదలగునవి పూయరాదు. 108 కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చుడు.

నీరు తగ్గియున్నచో ఇంజను చల్లారిన తరువాతనే పోయవలెను. ఆగలేని పరిస్థితిలో గోరువెచ్చని నీటిని, ఇంజను నెమ్మదిగా నడుచుచుండగా, కొద్దికొద్దిగా పోయుడు. కాగిన ఇనుముపై చన్నీరు పడినచో ఒక భాగము ముడుచుకొని, మరియొక భాగము అట్లే యుండి, హెడ్డు బీట తీయును.

ముల్లు నిజమే చెప్పుచున్నదా?

మీటరు కూడ ఒక యంత్రమే. అదియు అబద్ధము చెప్పగలదు. ముల్లు ఎర్రలో నున్నను మూత వద్ద ఆవిరి లేక, పై గొట్టము మామూలుగా ఉండి, ఇంజను శక్తి తగ్గక యున్నచో మీటరునో దాని తీగనో అనుమానింపవలెను. తాకకుండ వేడిని కొలుచు చిన్న థర్మామీటర్లు ఇప్పుడు మెకానిక్కుల వద్ద దొరకుచున్నవి. థర్మోస్టాటు గూటిపై దానిని చూపి, వచ్చిన అంకెను మీటరుతో పోల్చి చూడవచ్చును.

దీనికి వ్యతిరేకమైన అబద్ధము ఇంకను ప్రమాదకరము. వేడిని కనుగొను బుడిపె నీటిలో మునిగియున్నప్పుడే సరిగా చెప్పును. నీరంతయు కారిపోయినచో అది ఖాళీలో నుండి, ఇంజను మాడుచున్నను ముల్లును తక్కువగా చూపవచ్చును. కావున "ముల్లు చల్లగానే ఉన్నది గదా" యని ధీమా పడరాదు. ప్రతి ఉదయము ఇంజను చల్లగ నున్నప్పుడు మూత తీసి కంటితో నీటి మట్టము చూచుటను మించిన మీటరు లేదు.

ఎప్పుడు వేడెక్కుచున్నదో గమనింపుడు

వైద్యుడు "జ్వరము ఏ వేళ వచ్చుచున్నది?" అని అడుగును. మీరును ఇంజను ఏ వేళ, ఏ పనిలో వేడెక్కుచున్నదో గమనించినచో సగము కారణము తెలిసినట్లే.

చల్లని ఇంజను నడిపిన కొద్ది నిమిషములకే ముల్లు పైకి లేచినచో థర్మోస్టాటు మూసికొని పోయి యుండవచ్చును; లేదా నీరు లేకపోవచ్చును; లేదా హెడ్డు గాస్కెటు కాలి యుండవచ్చును.

రోడ్డు మీద ఖాళీగా పోవునప్పుడు బాగుగ నుండి, దమ్ములోను లోతు దుక్కిలోను మాత్రమే వేడెక్కినచో రేడియేటరు వేడిని చాలినంతగా వదలుట లేదు. లేదా బరువు మితిమీరినది.

నూర్పిడి యంత్రమును నడుపుచు ఒకే చోట నిలిచినప్పుడు వేడెక్కినచో రేడియేటరుకు పొట్టు పట్టినదని మొదట అనుమానింపుడు.

నెలల తరబడి కొద్దికొద్దిగా వేడి పెరుగుచు వచ్చినచో లోపల సున్నపు పొర కట్టుచున్నది. నిన్నటి వరకు బాగుండి నేడు హఠాత్తుగా లేచినచో బెల్టు, గొట్టము, థర్మోస్టాటు - ఈ మూడింటిలో ఒకటి దోషి.

ముల్లు పైకి క్రిందికి ఊగులాడుచున్నచో నీరు తగ్గియుండును, లేదా లోపల గాలి చిక్కియుండును. ముల్లు ఎంత సేపటికిని పైకి రాకున్నచో థర్మోస్టాటు తెరచుకొని పోయినది, లేదా ఎవరో దానిని తీసివేసినారు, లేదా మీటరు చెడినది.

బయటి నుండి లోపలికి వెదకుడు

ఒక రైతు ట్రాక్టరు నూర్పిడిలో వేడెక్కినదనుకొందము. ఎవరో చెప్పినారని ఆయన రేడియేటరును విప్పించి పట్టణమునకు పంపెను. రెండు దినములు పని ఆగెను. తిరిగి బిగించిన తరువాతను వేడి తగ్గలేదు. చివరకు చూడగా ఫ్యాను బెల్టు నూనె పట్టి జారుచుండెను. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట యన నిట్టిదే. కావున సులభమైనది ముందు, కష్టమైనది తరువాత చూడవలెను. ఈ పరీక్షలన్నియు, నేను వేరుగా చెప్పిన చోట తప్ప, ఇంజను ఆపి చల్లారిన తరువాతనే చేయుడు.

మొదట నీటి మట్టము. తగ్గినచో పోసి ఊరకుండక, ఎచ్చట పోయినదో వెదకుడు. గొట్టముల బిగింపుల వద్ద, రేడియేటరు అడుగున, వాటరు పంపు క్రింది చిన్న రంధ్రము వద్ద తడి గాని తుప్పు చారలు గాని కలవేమో చూడుడు. పంపు రంధ్రము నుండి నీరు కారినచో పంపు లోపలి సీలు అరిగినదని అర్థము.

రెండవది రేడియేటరు ముందు భాగము. పొట్టు, గడ్డిపరకలు, పురుగులు, ఎండిన బురద రేకుల నడుమ చేరి గాలిని అడ్డును. ఇంజను వైపు నుండి ముందుకు, అనగా గాలి లోనికి వచ్చు దిక్కునకు ఎదురుగా, గాలిని గాని మెల్లని నీటి ధారను గాని కొట్టి శుభ్రపరచవలెను. ముందు నుండి కొట్టినచో చెత్త మరింత లోపలికి దిగును. ధార మరీ బలముగా నున్నచో మెత్తని రేకులు వంగిపోవును. దమ్ము చక్రముల నుండి ఎగిరిన బురదను ఆనాడే కడుగుడు. ఎండిన తరువాత అది ఇటుక వలె గట్టిపడును. నూర్పిడి నాడు పొట్టు గాలికి ట్రాక్టరు మీదుగా కాక అవతలికి పోవునట్లు యంత్రమును నిలిపి, రెండు గంటలకొకసారి ఇంజనును ఆపి రేడియేటరు జాలిని తుడువవలెను.

మూడవది బెల్టు. రెండు కప్పీల నడుమ బొటనవ్రేలితో నొక్కినచో సుమారు 10 నుండి 15 మిల్లీమీటర్లు దిగవలెను. మీ ట్రాక్టరు పుస్తకములో వ్రాసిన కొలతయే ప్రమాణము. వదులైనచో జారును, బిగువైనచో పంపు బేరింగును తినివేయును. ఫ్యాను చుట్టు నుండు రేకు తొడుగు ఊడిపోయినను, మరమ్మతు తరువాత ఫ్యానును వెనుక ముందులుగా బిగించినను గాలి సరిగా రాదు.

నాలుగవది గొట్టములు, మూత. గొట్టము పగుళ్లు చూపినను, మరీ మెత్తబడినను మార్చుడు. క్రింది గొట్టము మెత్తబడినచో ఇంజను వేగము పెరిగినప్పుడు పంపు లాగుడుకు అణగిపోయి నీటిని ఆపును. ఇంజను చల్లారిన తరువాత గొట్టములు అతుక్కొని పోయి కనబడినచో మూతలోని చిన్న కవాటము పట్టుకొనినదని తెలియవలెను. మూతను మార్చునప్పుడు దానిపై ముద్రించిన ఒత్తిడి అంకె పాతదానితో సరిపోవలెను.

ఐదవది నీటి ప్రవాహము. ఇంజను కాగిన తరువాత ఆపి, రెండు గొట్టములను చేతితో జాగ్రత్తగా తాకి చూడుడు. ముల్లు ఎర్రలో నుండగా పై గొట్టమే చల్లగ నున్నచో థర్మోస్టాటు తెరచుకొనలేదు. పై గొట్టము చేయి పెట్టలేనంత వేడిగను, క్రిందిది చల్లగను ఉన్నచో రేడియేటరు లోపల పూడినది, లేదా పంపు నీటిని త్రోయుట లేదు. రేడియేటరు ముఖముపై చేయి ఆడించినచో అచ్చటచ్చట చల్లని మచ్చలు తగులును. అవియే పూడిన గొట్టములు.

థర్మోస్టాటును పారవేయకుడు

"మన వేడి దేశమునకు ఇదెందులకు?" అని దీనిని తీసివేయు అలవాటు కలదు. ఇది పొరపాటు. ఇంజనుకు మితిమీరిన వేడి ఎంత చెరుపో, చాలని వేడియు అంత చెరుపే. చల్లని సిలిండరులో డీజిలు పూర్తిగా మండదు. మండని డీజిలు గోడలపై నూనె పొరను కడిగివేసి, అడుగునకు దిగి నూనెను పలుచన చేయును. పిస్టను రింగులు త్వరగా అరుగును. డీజిలు ఖర్చు పెరుగును. అంతేకాక, కొన్ని ఇంజనులలో థర్మోస్టాటు తీసినచో నీరు రేడియేటరుకు పోక అడ్డదారిన తిరిగి, వేడి తగ్గుటకు బదులు పెరుగును.

దానిని పరీక్షించుట మీ వంటయింటిలోనే చేయవచ్చును. వంటకు వాడని పాత గిన్నెలో నీరు పోసి, థర్మోస్టాటును దారముతో అడుగు తగులకుండ వ్రేలాడదీసి, ప్రక్కన థర్మామీటరు నుంచి కాచుడు. దానిపై ముద్రించిన డిగ్రీల దగ్గర తెరచుకొన నారంభించి, మరి కొన్ని డిగ్రీలకు పూర్తిగా తెరచుకొనవలెను. చల్లారగనే మరల మూసికొనవలెను. నీరు మరిగినను తెరువకున్నచో క్రొత్తది వేయుడు. దాని వెల, పాడైన ఇంజను మరమ్మతు ఖర్చుతో పోల్చినచో లెక్కింపదగినది కాదు.

ఎట్టి నీరు పోయవలెను?

మన బోరు నీటిలో చాల చోట్ల సున్నము ఎక్కువ. కుండ అడుగున, కాగు లోపల తెల్లని పొర కట్టుట మీ ఇంటిలో చూచుచునే యున్నారు. అదే పొర సిలిండర్ల చుట్టును కట్టును. ఇనుము వేడిని త్వరగా పోనిచ్చును. సున్నపు పొర పోనీయదు. బయట రేడియేటరు ఎంత శుభ్రముగ నున్నను లోపల ఇంజను కంబళి కప్పుకొనినట్లు కాగుచుండును.

కావున కంపెనీ చెప్పిన కూలెంటును, డిస్టిల్డు నీటితో చెప్పిన పాళ్లలో కలిపి పోయుట ఉత్తమము. "మన వద్ద మంచు పడదు గదా, ఇదెందులకు?" అని కొందరు అందురు. గడ్డకట్టకుండుట దాని పనులలో ఒకటి మాత్రమే. తుప్పును ఆపుటయు, మరుగు వేడిని పెంచుటయు మనకు కావలసిన పనులు. అత్యవసరములో శుభ్రమైన వాన నీరు బోరు నీటి కన్న మేలు. పొలము కాలువలోని బురద నీరు ఎన్నడును పోయరాదు. లోపల పొర కట్టినచో తెలిసిన మెకానిక్కు చేతనే కడిగించుడు. కాస్టిక్ సోడా, ఆమ్లములు అల్యూమినియము రేడియేటరును తినివేయును.

ఇచ్చట ఒక ముఖ్యమైన హెచ్చరిక. కూలెంటులలో సాధారణముగ నుండు ఇథిలీన్ గ్లైకాల్ విషము. అది తియ్యగ నుండును గనుక పశువులు, కుక్కలు, పసిపిల్లలు త్రాగు ప్రమాదము కలదు. కొద్దిపాటి మోతాదే మూత్రపిండములను చెరచి ప్రాణము తీయగలదు. తీసిన కూలెంటును నేలపై గాని, కాలువలో గాని పారబోయక, మూతగల డబ్బాలో పట్టి, గుర్తు వ్రాసి, పిల్లలకు పశువులకు అందని చోట నుంచి, మెకానిక్కు షెడ్డుకు అప్పగించుడు. దానిని పట్టిన గిన్నెను పశువుల కుడితికి వాడరాదు.

నీటి దారి బాగుండియు వేడి తగ్గకున్నచో

అప్పుడు ఇంజను మోయు బరువును చూడుడు. నల్లని పొగ వచ్చుచున్నచో బరువు ఎక్కువైనది, లేదా గాలి వడపోత పూడినది. గేరు తగ్గించి, లోతు తగ్గించి, వడపోతను శుభ్రపరచి చూడుడు. ఇంజను నూనె మట్టము తగ్గినను, బ్రేకులు పట్టుకొని యున్నను, డీజిలు పంపు సమయము తప్పినను వేడి పెరుగును. ఈ చివరిది మెకానిక్కు పని.

హెడ్డు గాస్కెటు కాలినచో గుర్తులు ఇవి: కారుట కనబడకుండ నీరు తగ్గుచుండును, చల్లని ఇంజనును మూత లేకుండ నడిపినచో నీటిలో ఎడతెగక బుడగలు వచ్చును, నూనె పాలు కలిపిన కాఫీ వలె మారును, ఇంజను కాగిన తరువాతను తెల్లని పొగ వీడదు. వీనిలో ఏది కనబడినను ట్రాక్టరును పనికి దింపక మెకానిక్కుకు చూపుడు. నీరు కలిసిన నూనెతో నడిపినచో బేరింగులు పాడై ఇంజను బిగిసిపోవును.

గాలితో చల్లబడు ఇంజనులకు రేడియేటరు ఉండదు. 1959 లో ఫరీదాబాదులో తొలి ట్రాక్టరును బయటికి తెచ్చిన ఐషర్ సంస్థవారి పాత ఇంజనులు ఇట్టివే. వీనికి సిలిండరు చుట్టునుండు రెక్కల నడుమ దుమ్ము, నూనె చేరకుండ చూచుటయే ముఖ్యము.

గ్రామాధికారులకు ఒక మాట

అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వమువారి వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. యంత్రములను నడుపుట, సంరక్షించుట అచ్చట రైతులకు, యువకులకు నేర్పుదురు. మీ గ్రామములో ట్రాక్టరు నడుపు యువకులను అట్టి శిక్షణకు పంపుడు. మధ్యప్రదేశ్‌లోని బుద్ని సంస్థ 1955 నుండి పనిచేయుచున్నది. అచ్చటి ట్రాక్టరు పరీక్షలలో మామూలు వాతావరణమునందే గాక 43 డిగ్రీల ప్రాంతపు ఎండ వేడిలోను ఇంజనును నడిపి, నీటి వేడి ఎంతవరకు పెరిగినదో నివేదికలో వ్రాయుదురు. క్రొత్త ట్రాక్టరు కొనువారు ఆ నివేదికను అడిగి ఈ అంకెను చూచుట మంచిది.

ప్రతి ట్రాక్టరుకు ఒక చిన్న నోటు పుస్తకము ఉంచుడు. ఏ తేదీన ఎంత నీరు పోసినారో, బెల్టు, కూలెంటు, థర్మోస్టాటు ఎన్నడు మార్చినారో వ్రాయుడు. వారమునకొకసారి పోయు నీరు దినమునకొకసారి పోయవలసి వచ్చినచో, ముల్లు లేవక ముందే ఆ పుస్తకము మీకు చెప్పును. ఉదయము అయిదు నిమిషములు నీటి మట్టము, బెల్టు, రేడియేటరు ముఖము చూచుట. బరువు పని ముగిసిన తరువాత రెండు మూడు నిమిషములు ఇంజనును నెమ్మదిగా నడిపి ఆపుట - ఈ రెండు అలవాట్లు నేటి నుండియే మొదలు పెట్టుడు. వచ్చే దమ్ము నాటికి మీ ట్రాక్టరు పొలము నడుమ ఆవిరి క్రక్కుచు నిలువక, పని ముగించుకొని ఇంటికి చేరును.